ఆవిరి కాని నీళ్లు

నిరుడు చలికాలం మొదలైనప్పటి నుంచి సాలమ్మ రోజూ పొద్దున ఆరు గంటలకు లీటరున్నర నీళ్లు మోరీలో పారబోసేది. చిల్కానగర్‌లో వాళ్ల గల్లీకి నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. అలాంటి చోట నీళ్లు పారబోసే మనిషిని ఎవరూ ఊరికే వదలరు. కింది వాటాలో ఉండే ఇంటి ఓనరు ఈరమ్మ నాలుగు రోజులు చూసి, ఐదో రోజు మెట్ల దగ్గర నిలబెట్టి అడిగింది. అవి రాత్రంతా మిషన్‌లో నిలిచిన నీళ్లని, వాటి మీదే కొత్త నీళ్లు పోస్తే గార కడుతుందని, అందుకే రోజూ ఖాళీ చేసి తుడవాలని సాలమ్మ చెప్పింది.

“మిషన్‌కు రోజు తానం జేపిస్తున్నవ్, మంచిగనే ఉంది. నువ్వు తలకు పోసుకొని ఎన్ని దినాలాయె?” అంది ఈరమ్మ.

సాలమ్మ నవ్వి పైకి వెళ్లిపోయింది. 

ఆ మిషన్ హ్యుమిడిఫైయర్. గదిలో గాలికి తడి ఇస్తుంది. నాలుగు లీటర్ల డబ్బా, దాని కింద రూపాయి బిళ్లంత రేకు. కరెంటు పెడితే ఆ రేకు సన్నగా అదిరి నీళ్లను పొగలా పైకి కొడుతుంది. అందుకే సాలమ్మ దాన్ని పొగ మిషన్ అనేది. పీర్జాదిగూడలో కాపురం ఉండే కూతురు త్రివేణి ఫోన్‌లో చూసి తెప్పించింది. సాలమ్మ భర్త మొగిలయ్యకు గొంతులో క్యాన్సర్ వస్తే ఆగస్టులో పెద్ద దవాఖానాలో స్వరపేటిక తీసేశారు. మెడ మీద రంధ్రం చేసి చిన్న గొట్టం పెట్టారు. ఆయన ఊపిరి అందులోంచే. ముక్కుతో పీల్చే గాలి లోపలికి పోయేలోపు తడుస్తుంది. గొట్టంలోంచి పోయే గాలికి ఆ తడి ఉండదు. గాలి పొడిగా ఉంటే కఫం గొట్టంలో ఎండి పెచ్చు కడుతుంది. పెచ్చు అడ్డం పడితే మనిషికి గాలి అందదు. ఇంటికి పంపిన రోజు డాక్టరు ఈ మాట రెండుసార్లు చెప్పి, అట్లా అయితే మళ్లీ దవాఖానాలో చేర్చక తప్పదన్నాడు.

మొగిలయ్యకు మాట పోయింది. పిల్లలు గీసి చెరిపే మ్యాజిక్ పలక మీద రాసి చూపేవాడు. ఇల్లు చేరిన రోజు ఆయన రాసిన మొదటి మాట: “మళ్ల దవాఖాన వద్దు. ఏమన్న గానీ ఇంట్లనే.” సాలమ్మ సరేనంది. ఆ తర్వాత ఆరు నెలలు ఆమె చేసిన పనంతా ఆ సరేను నిలబెట్టుకోవడానికే.

ఇద్దరిదీ ఆలేరు అవతల పల్లె. పెళ్లయిన మూడో ఏడు నాచారం వచ్చారు. దారాలకు రంగులద్దే కంపెనీలో మొగిలయ్య బాయిలర్‌కు బొగ్గు మోసే పనిలో చేరాడు. పదో తరగతి తప్పిన మనిషి. పక్కన నిలబడి చూసి నేర్చుకుని, పరీక్ష రాసి, బాయిలర్ అటెండెంటు అయ్యాడు. ఇరవై ఆరేళ్లు అదే బాయిలర్. సాలమ్మ ఒక మందుల కంపెనీలో ప్యాకింగుకు పోయేది. ఇంట్లో ఆయన పని గురించి మాట్లాడితే వినిపించేది ఒకే మాట, స్కేలు. నీళ్లలోని సున్నం కాగి కాగి ఇనుప గొట్టాలకు పట్టే గార అది. కోడిగుడ్డు పెంకంత మందం పట్టినా బొగ్గు ఎక్కువ తింటుందని, ఇంకా పట్టితే గొట్టం పగులుతుందని చెప్పేవాడు. నాచారం బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. ఆ నీళ్లను సాఫ్ట్‌నర్ అనే ట్యాంకులోంచి పంపి మెత్తబరిచి బాయిలర్‌కు ఇచ్చేవారు. షిఫ్టుకు రెండుసార్లు బాయిలర్ అడుగున చేరిన మురికి నీళ్లు వదిలేసేవారు. ఏటా ఇన్‌స్పెక్టరు వచ్చి బాయిలర్ విప్పిన రోజు మొగిలయ్య గొట్టాలను వేలితో తడిమి చూసుకుని ఇంటికొచ్చి ఆ రాత్రి కల్లు తెప్పించుకునేవాడు. ఇరవై ఆరేళ్లలో ఆయన షిఫ్టులో గొట్టం పగిలింది లేదు. బీడీలు మాత్రం ఆ బాయిలర్ వేడికే అంటించి కాల్చాడు, రోజుకు కట్టన్నర.

మిషన్ వచ్చిన కొత్తలో సాలమ్మ దాంట్లో బోరు నీళ్లు పోసింది. నల్లా నీళ్లు తాగడానికే చాలవు. వారం తిరిగేసరికి రేకు మీద తెల్లగార కట్టి పొగ సగానికి సగం తగ్గింది. ఆమె అంట్లు తోమే స్టీలు పీచుతో గీకబోతే మొగిలయ్య మంచం మీంచి లేచి వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. పలక మీద రాశాడు: “గోకితే సచ్చిపోతది. నిమ్మకాయ పిండు. ఆగు.” నిమ్మరసం పిండి ఇరవై నిమిషాలు ఉంచి, పాత పళ్ల బ్రష్‌తో మెల్లగా రుద్దితే గార కరిగిపోయింది. నాలుగు రోజులకు మళ్లీ కట్టింది. ఒక మధ్యాహ్నం పొగ ఎప్పుడు ఆగిపోయిందో ఇద్దరూ గమనించలేదు. మూడు గంటలకు మొగిలయ్య కళ్లు తేలేశాడు. ఆటోలో రామంతాపూర్ దాకా తీసుకుపోతే అక్కడి ఆసుపత్రిలో గొట్టం లోపలి భాగం తీసి చూపించారు. చిటికెన వేలి గోరంత పెచ్చు. సాయంత్రానికి ఇంటికి పంపారు గాని, ఆ ఆటోలో మొగిలయ్య చూసిన చూపు సాలమ్మకు చాలా రోజులు గుర్తుంది.

ఆ ఆదివారమే భూపాల్ వచ్చాడు. మొగిలయ్య కింద హెల్పరుగా చేరి పదకొండేళ్లు పని నేర్చుకున్నవాడు. ఇప్పుడు ఆ బాయిలర్ చూసుకునేది అతనే. సంగతి విని, దీనికి దేవులాట, వెతుకులాట ఎందుకన్నాడు.

“అన్నా, మన సాఫ్ట్‌నర్ నీళ్లు దెస్త. బాయిలర్‌నే కాపాడినయి, గీ డబ్బా ఎంత?”

మొగిలయ్య ముఖంలో ఆపరేషన్ తర్వాత మొదటిసారి వెలుగు కనిపించిందని సాలమ్మ చెబుతుంది. పలక మీద గబగబా రాశాడు: “టెస్ట్ కిట్ గూడ తే.”

అప్పటి నుంచి నాలుగైదు రోజులకొకసారి భూపాల్ స్కూటీ ముందర ఇరవై లీటర్ల క్యాను పెట్టుకుని షిఫ్టు దిగి నేరుగా వచ్చేవాడు. రెండో అంతస్తుకు మోసేవాడు. మొగిలయ్య గోడకు ఆనుకుని కూర్చుని చిన్న సీసాలో నీళ్లు పట్టి రెండు మందులు చుక్కలు వేసి ఊపేవాడు. ఎర్రబడితే సున్నం ఉన్నట్టు, నీలం వస్తే లేనట్టు. ఎప్పుడూ నీలమే వచ్చేది. అప్పుడు క్యాలెండరులో ఆ తేదీ గడిలో ఒక టిక్కు పెట్టేవాడు. దాంతో ఆ రోజుకు ఆయన పని అయినట్టు. కంపెనీలో ఎట్లా చేసేవాడో అట్లాగే పొద్దున్నే డబ్బా ఖాళీ చేయించేవాడు, వారానికోసారి నిమ్మరసం, కడిగాక గుడ్డతో తుడిచి గంట ఆరబెట్టడం. సాలమ్మ ఒక పూట బద్ధకిస్తే పలకతో మంచం కోడు మీద కొట్టేవాడు.

“గా ఇన్‌స్పెక్టర్ గూడ గింత సతాయించలే కావొచ్చు నిన్ను,” అనేది సాలమ్మ.

రేకు అద్దంలా ఉండేది. నవంబరులో ఇంటింటికీ తిరిగి క్యాన్సరు రోగులను చూసే నర్సు తారామణి వచ్చి, మిషన్ విప్పి చూసి ఆశ్చర్యపోయింది. ఇంత శుభ్రంగా ఉంచినవాళ్లను చూడలేదని ఫొటో తీసుకుంది. వేరే ఇళ్లలో చూపిస్తానంది. మొగిలయ్య మెడకు కట్టిన తడిగుడ్డ సర్దుకుని కూర్చున్నాడు.

ఇంట్లో దుమ్ము ఎక్కువైంది ఆ రోజుల్లోనే. టీవీ మీద, ఫ్రిజ్ మీద, స్టీలు బిందెల మీద సన్నటి తెల్లపొర. సాలమ్మ పొద్దున తుడిస్తే సాయంత్రానికి మళ్లీ. ఉప్పల్ చుట్టుపక్కల దుమ్ముకు కారణం ఎవరూ వెతకరు. వరంగల్ రోడ్డు మీద ఫ్లైఓవర్ పిల్లర్లు లేచినప్పటి నుంచి ఇంట్లో ఏం పేరుకున్నా అది ఫ్లైఓవర్ దుమ్మే. సాలమ్మ కిటికీలు మూసి, తలుపు కింద పాత చీర కుక్కింది. దాంతో మిషన్ పొగ గదిలో ఇంకా బాగా నిలిచింది. మొగిలయ్యకు దగ్గు పెరిగింది. కఫం చిక్కబడింది. రోజుకు రెండుసార్లు కడిగే గొట్టం నాలుగుసార్లు కడగాల్సి వచ్చింది. చలి ముదిరింది కదా అనుకున్నారు.

డిసెంబరు మొదటి వారంలో తారామణి మళ్లీ వచ్చింది. అప్పుడు మొగిలయ్య డాబా మీద ఎండకు కూర్చున్నాడు. రోజూ తొమ్మిది నుంచి పది దాకా ఆయన అక్కడే. నర్సు కూర్చోబోతూ టీవీ మీద వేలు రాసి చూసింది. నీళ్లు ఎక్కడివని అడిగింది. సాలమ్మ గర్వంగానే చెప్పింది. తారామణి నల్లటి గిన్నె ఏదైనా ఉందా అని అడిగి, సాలమ్మ దోశ పెనం తెస్తే, దాన్ని మిషన్ పొగ ముందు పట్టుకుంది. పెనం తడిసింది. ఫ్యాను కింద పెట్టింది. ఆరిన చోట పెనం మీద పిండి చల్లినట్టు తెల్లగా ఉంది.

“అక్కా, బాయిలర్ల నీళ్లు కాగి ఆవిరైతయి. ఉప్పు అడుగునే ఉంటది. ఈ మిషన్ల నీళ్లు కాగయి. నీళ్లనే సన్నగ చేసి కొడ్తది. దాంట్ల ఏమున్నా గాల్లకొస్తది,” అంది తారామణి.

“గీ నీళ్లల్ల సున్నం లేదు గద. ఆయన టెస్ట్ జేస్తడు.”

“సున్నం లేదు. సున్నం తీసి దాని బదులు వేరే ఉప్పు ఎక్కిస్తరు. అది రేకుకు పట్టదు, గంతే.”

సాలమ్మకు కంపెనీలో సాఫ్ట్‌నర్ ట్యాంకులోకి ఉప్పు బస్తాలు కుమ్మరించడం తెలుసు. మొగిలయ్య చొక్కాలు ఒకప్పుడు ఉప్పుతో తెల్లబడి వచ్చేవి. ఆమె పెనం చేతిలోకి తీసుకుని చీర కొంగుతో తుడిచింది. ఇన్నాళ్లూ మిషన్‌కు పట్టని ఉప్పు టీవీ మీదికే కాదు, ఆయన గొట్టంలోకీ పోయిందని ఆమెకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

మెడికల్ షాపులో డిస్టిల్డ్ వాటర్ దొరుకుతుందని, అవి ఆవిరిని చల్లార్చి పట్టిన నీళ్లని, ఇక అవే వాడమని తారామణి చెప్పింది. బ్యాటరీల షాపులో అమ్మేవి మాత్రం వద్దంది. మొగిలయ్యకు తను చెప్పనా అని అడిగితే, సాలమ్మ వద్దంది. ఆయనకు మాట పోయింది, తిండి రుచి పోయింది, పని పోయింది. మిగిలింది ఆ సీసా ఊపి నీలం చూడటం ఒకటే. అది కూడా తప్పని చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు.

మరునాటి నుంచి ఆమె తన తెలివి వాడింది. త్రివేణి ఉప్పల్‌లో పని దిగి వస్తూ ఐదు లీటర్ల డిస్టిల్డ్ వాటర్ డబ్బాలు తెచ్చి కింద ఈరమ్మ వాటాలో పెట్టేది. మొగిలయ్య డాబా మీద ఉన్న గంటలో సాలమ్మ భూపాల్ క్యాను బట్టల డ్రమ్ములో ఒంపి, ఖాళీ అయిన క్యానులో ఈ నీళ్లు పోసేది. మొగిలయ్య దిగి వచ్చి పరీక్ష చేసేవాడు. ఈ నీళ్లలో ఏ ఉప్పూ లేదు కాబట్టి నీలమే వచ్చేది. టిక్కు పెట్టేవాడు. భూపాల్ నీళ్లతో బట్టలు ఉతికితే సబ్బు బాగా నురగ వచ్చేది. దగ్గు వారానికి కొంచెం తగ్గింది.

పన్నెండు రోజులు అట్లా నడిచింది. పదమూడో రోజు పొద్దున సాలమ్మ వంటింట్లోంచి వచ్చేసరికి మొగిలయ్య టీవీ ముందు నిలబడి ఉన్నాడు. దాని మీద వేలు రాసి, తెల్లపొర అంటని వేలు చూసుకుని, మళ్లీ రుద్దాడు. తర్వాత మంచం మీద కూర్చుని పలక తీసుకున్నాడు.

“ఫ్లైఓవర్ అయిపోయిందా?”

“లేదు. ఎందుకు?”

ఆయన రాసింది చెరిపి మళ్లీ రాశాడు: “నీళ్లు మార్చినవ్.”

సాలమ్మ అవునంది. నర్సు చెప్పింది, పెనం మీద చూసింది, అన్నీ చెప్పింది. చెబుతున్నంతసేపూ ఆయన మిషన్‌నే చూస్తున్నాడు. పొగ తిన్నగా పైకి లేచి ఫ్యాను గాలికి ఒంగుతోంది. ఆయన లేచి క్యాలెండరు దగ్గరికి పోయి అక్టోబరు కాగితం తిప్పి, భూపాల్ మొదటి క్యాను తెచ్చిన తేదీ నుంచి సాలమ్మ నీళ్లు మార్చిన రోజు దాకా వేలితో లెక్కబెట్టుకుంటూ వచ్చాడు. పలక మీద నలభై ఒకటి అని రాశాడు. దాని కింద:

“ఇది ఆవిరి గాదు. తుంపర. చూస్తెనే తెల్వాలె నాకు.”

“నీకెట్ల తెలుస్తదయ్యా. గది బాయిలర్, గిది బొమ్మ లెక్కుంది,” అంది సాలమ్మ.

ఆయన తల అడ్డంగా ఊపాడు. ఇరవై ఆరేళ్లు ఆవిరి చూసినవాడికి తెలియాలన్నట్టు వేలితో తన కళ్లు చూపించాడు. ఏడవలేదు. స్వరపేటిక లేని మనిషి ఏడిస్తే గొట్టంలోంచి గాలి కొట్టుకుంటుంది, దగ్గు వస్తుంది. ఆ సంగతి ఆయనకు అప్పటికే తెలుసు. చాలాసేపటికి మళ్లీ రాసి, పలకను ఆమె చేతిలోనే పెట్టాడు.

“భూపాల్‌కు జెప్పకు.”

భూపాల్ నీళ్లు తేవడం మానలేదు. మానమని చెప్పాలంటే కారణం చెప్పాలి. అతను క్యాను మోసుకొచ్చి రొప్పుతూ మెట్ల మీద కూర్చుంటే మొగిలయ్య అతని ముందే సీసా ఊపి, నీలం చూపించి, టిక్కు పెట్టేవాడు. భూపాల్ పోగానే సాలమ్మ ఆ నీళ్లు డ్రమ్ములో ఒంపేది. మొగుడూ పెళ్లాం ఒకరినొకరు చూసుకునేవాళ్లు. ఒకరోజు ఆయన పలక మీద “నా లుంగి దెల్లగైంది” అని రాస్తే సాలమ్మకు నవ్వాగలేదు. ఆ చలికాలంలో ఆ ఇంట్లో నవ్విన సందర్భాలు అంతకంటే ఎక్కువ లేవు.

జనవరి ఆఖరుకు మొగిలయ్య డాబా ఎక్కడం మానేశాడు. మిషన్ బాగానే పనిచేసేది. గొట్టంలో పెచ్చు లేదు. అయినా ఆయనకు గాలి చాలేది కాదు. ఫిబ్రవరి రెండో సోమవారం పొద్దున పదకొండు గంటలకు కఫంలో రక్తం పడింది. సాలమ్మ గొట్టం మార్చింది, తడిగుడ్డ మార్చింది, తారామణికి ఫోన్ చేసింది. నర్సు దవాఖానాకు తీసుకుపొమ్మంది. మొగిలయ్య పలక కోసం చెయ్యి చాపాడు. సాలమ్మ ఇవ్వలేదు. ఆయన ఏం రాస్తాడో ఆమెకు తెలుసు. ఆటోలో ఆమె ఆయన తల ఒళ్లో పెట్టుకుని, ఒక పూటకే, సాయంత్రానికి వచ్చేద్దాం అని చెప్పింది. ఆయన కళ్లు మూసుకున్నాడు.

తొమ్మిదో రోజు దవాఖానాలోనే పోయాడు. జబ్బు ఊపిరితిత్తులకు పాకిందని కాగితంలో రాశారు. ఆపరేషన్ నాటికే కొంత పాకి ఉండవచ్చని డాక్టరు త్రివేణికి చెప్పాడు. నీళ్ల సంగతి సాలమ్మ తారామణిని ఒక్కసారే అడిగింది. ఆ నీళ్ల వల్ల దగ్గు పెరిగింది, అంతేగాని ఆయన పోయింది జబ్బుతోనే అని తారామణి సూటిగా చెప్పింది. ఆ నలభై ఒక్క రోజులు లేకపోతే ఇంకెన్నాళ్లు ఉండేవాడని సాలమ్మ అడగలేదు. అడిగినా చెప్పగలిగేవాళ్లు లేరు.

దినాలైన వారానికి సాలమ్మ మళ్లీ ప్యాకింగ్ పనికి పోవడం మొదలుపెట్టింది. మిషన్‌ను తారామణి వేరే ఇంటికి తీసుకుపోయింది. మొన్న ఆదివారం భూపాల్ వచ్చాడు. అతను ఫస్టు క్లాసు బాయిలర్ సర్టిఫికెట్ కోసం పరీక్షకు కట్టాడు. అన్న దగ్గర పాత పుస్తకాలు ఉంటాయేమోనని అడిగాడు. సాలమ్మ అటక మీంచి దించి దుమ్ము దులిపి ఇచ్చింది. మూడు పుస్తకాలు, ఒక నోట్సు. పేజీల అంచుల్లో మొగిలయ్య పెన్సిలు రాతలు.

భూపాల్ వాటిని సంచిలో పెట్టుకుని లేవబోయి ఆగాడు.

“వదినా, ఆఖరి దాక అన్న మిషన్‌కు స్కేలు పట్టలే గద?”

“పట్టలే.”

“గదే నాకు జర సంతోషం. నేను అన్నకు జేసింది గదొక్కటే.”

“నువ్వు మోసుకొచ్చినవ్ బిడ్డా, ఎవలొస్తరు గట్ల,” అంది సాలమ్మ. చాయ్ పెట్టింది. అతను తాగి వెళ్లాడు.

పరీక్ష వచ్చే నెల పన్నెండున. రాత పరీక్ష అయ్యాక నోటి పరీక్ష ఉంటుంది. అందులో సగం ప్రశ్నలు నీళ్ల మీదే అడుగుతారు, సాఫ్ట్‌నర్ సున్నం తీసి దాని బదులు ఏం ఎక్కిస్తుందో కూడా.